మందు, మానం, మనిషి: సర్పగంధ చరిత్ర ఆధారంగా నిద్ర, నొప్పి మూలికల తూకం

ప్రవేశిక

వైద్య వాఙ్మయాన్ని శాస్త్ర గ్రంథాలనే శీర్షిక కింద రెండు మూడు పేజీలలో ముగించడం తెలుగు సాహిత్య చరిత్ర రచనలో పరిపాటి. సంస్కృత శ్లోకాలూ తెలుగు వివరణలూ కలగలిసిన బసవరాజీయం వంటి గ్రంథం కూడా అక్కడ ఒక పేరుగానే మిగిలింది. సాహిత్య చరిత్రకారులు పక్కన పెట్టిన ఈ గ్రంథాలను సామాన్య పాఠకులు మాత్రం వదల్లేదు. ఏళ్ళ తరబడి కీళ్ళనొప్పులతో బాధపడేవారు, అర్ధరాత్రి దాటినా కన్ను మూతపడనివారు పాత వైద్య గ్రంథాల పునర్ముద్రణలను తిరగేసి, అందులో చెప్పిన వేరునో ఆకునో వెతికి వాడుకోవడం నేటికీ ఉంది. అటువంటి పాఠకుని చేతిలో ఒక మూలిక పేరుకు, ఒక కొలత మాటకు తప్పుడు అర్థం ఏర్పడితే ఆ దోషం పుటలో ఆగదు, శరీరంలోకి ప్రవేశిస్తుంది.

మూలికలన్నీ నిరపాయమైనవనే నమ్మకం ఒకవైపు, అవన్నీ నిరుపయోగమైనవనే తీర్పు మరొకవైపు మన కాలపు చర్చను శాసిస్తున్నాయి. ఈ రెండింటికీ ప్రాచీన వైద్య గ్రంథాల మద్దతు లేదు. సరిగా ప్రయోగిస్తే తీవ్రమైన విషం కూడా ఉత్తమ ఔషధమవుతుందని, తప్పుగా ప్రయోగిస్తే ఔషధమే తీవ్ర విషమవుతుందని చరక సంహిత సూత్రస్థానం మొదటి అధ్యాయం చెబుతుంది. పేరు, రూపం, గుణం తెలియని మందు ప్రమాదకరమనీ, తెలిసినదైనా దుష్ప్రయుక్తమైతే అనర్థమేననీ ఆ అధ్యాయం నిర్దేశం. ఈ సూత్రాన్ని కొలమానంగా తీసుకొని, సర్పగంధ అనే ఒక్క మూలిక చరిత్రను ప్రధానంగా పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. పేరు, మానం, శుద్ధి, మనిషి, కాలం అనే ఐదు ప్రశ్నలుగా ఆ తూకాన్ని విభజించుకోవచ్చు. వీటిలో మొదటి రెండూ నేరుగా భాషాసాహిత్య పరిశోధకుని బాధ్యత కిందికి వస్తాయి.

శాస్త్రంలో నిద్ర స్థానం

ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనే మూడింటినీ శరీరాన్ని నిలబెట్టే ఉపస్తంభాలుగా చరకుడు పేర్కొన్నాడు. సూత్రస్థానం ఇరవై ఒకటవ అధ్యాయంలో నిద్ర పట్టకపోవడానికి కారణాలనూ ఉపాయాలనూ వివరించాడు. భయం, చింత, క్రోధం, ఉపవాసం, అసౌకర్యమైన పడక వంటివి నిద్రను పోగొడతాయి. పని, కాలం, వ్యాధి, ప్రకృతి, వాతం నిద్రలేమికి హేతువులు. అంటే నిద్రలేమిని ఆయన ఒకే వ్యాధిగా గాక అనేక కారణాల ఫలితంగా చూశాడు. వ్యాధి వలన నిద్ర పోయినప్పుడు ఆ వ్యాధిని వదిలి నిద్రకు మాత్రమే మందు వెతకడం ఈ దృష్టికి విరుద్ధం.

ఆయన సూచించిన ఉపాయాల జాబితా మరింత గమనించదగినది. ఒంటికి నూనె పట్టించడం, స్నానం, పెరుగుతో శాలి అన్నం, పాలు, నెయ్యి, మాంసరసం, ఒళ్ళు పట్టడం, తలకూ ముఖానికీ లేపనం, మనసుకు నచ్చిన శబ్దాలు, పరిమళాలు, సుఖమైన పడక అందులో ఉన్నాయి. మద్యం కూడా ఉంది. స్పృహను మందగింపజేసే వేరుకు మాత్రం అక్కడ ప్రాధాన్యం లేదు. నేడు నిద్రలేమికి సర్వత్రా పేరు చెప్పే సర్పగంధ ఈ అధ్యాయపు ఉపాయాల వరుసలోనిది కాదు. మరి నిద్రకూ ఆ వేరుకూ సంబంధం ఎప్పుడు, ఎక్కడ ఏర్పడిందన్నది మొదట తేల్చవలసిన విషయం.

పేరు: పాతాళగంధి, పాతాళగరుడి

వృక్షశాస్త్రంలో రావుల్ఫియా సర్పెంటైనాగా వ్యవహరించే మొక్కకు సంస్కృతంలో సర్పగంధ, నాకులి అనే పేర్లు, తెలుగులో పాతాళగంధి, పాతాళగరుడ, సర్పగంధి అనే పేర్లు వాడుకలో ఉన్నాయి. ఈ పేర్లన్నీ పాము, ముంగిస, గరుడుడు అనే భావాల చుట్టూ తిరుగుతాయి. పాముతో పోరాడే ముందు ముంగిస ఈ వేరును తింటుందన్న నమ్మకం నకుల శబ్దం నుంచి పుట్టిన నాకులి అనే పేరులో నిలిచింది. పదిహేడవ శతాబ్దంలో అంబోయినా ద్వీపంలో ఉండి మొక్కల గురించి రాసిన రంఫియస్ కూడా దీని విషహర ఖ్యాతిని పేర్కొన్నాడు. పేర్లు చెప్పే సాక్ష్యం విషహరణానికే గాని నిద్రకు కాదు.

యూరోపియన్ నామం కథ మరొక రకమైనది. 1703లో ప్లూమియే ఈ ప్రజాతికి రావుల్ఫ్ అనే జర్మన్ వైద్యుని పేరు పెట్టాడు. ఆగ్స్‌బర్గ్‌కు చెందిన ఆ వైద్యుడు 1573, 1576 సంవత్సరాల మధ్య పశ్చిమాసియాలో పర్యటించాడే తప్ప భారతదేశానికి రాలేదు. మొక్కతో సంబంధం లేని వ్యక్తి పేరు దానికి స్థిరపడింది. అయినా ఆ పేరుకు ఒక ప్రయోజనం ఉంది. అది ఒక్క మొక్కనే సూచిస్తుంది. దేశీ నామాలకు అర్థసంపద ఎక్కువ, నిర్దేశశక్తి తక్కువ.

ఇందుకు తెలుగు ఉదాహరణ చేతిలోనే ఉంది. పాతాళగరుడ అనే పేరు తెలుగు వాడుకలో సర్పగంధకు ఉండగా, సంస్కృత నిఘంటు సంప్రదాయంలో పాతాళగరుడి అంటే దూసరితీగ. దూసరితీగ పొలం గట్ల మీద, కంచెల మీద పాకే సామాన్యమైన తీగ. దాని ఆకు రసం నీటిలో పిసికితే గడ్డకట్టి జెల్లీలా మారుతుంది. సర్పగంధ మూరెడు, రెండు మూరల ఎత్తు పెరిగే చిన్న మొక్క. ఒకటి చలువ చేసే ఆకుగా ప్రసిద్ధం. మరొకటి రక్తపోటును, మనసును ప్రభావితం చేసే వేరు. చివరి అక్షరంలోని అచ్చు ఒక్కటి మారితే మందే మారిపోతుంది. రాతప్రతులలో గుడి దీర్ఘాలు చెరిగిపోవడం, లేఖకుడు తనకు తెలిసిన పేరు వైపు మొగ్గడం పరిష్కర్తలందరికీ అనుభవమైన విషయమే. దీనికి తోడు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి వచ్చి మన దేశంలో స్థిరపడిన రావుల్ఫియా టెట్రాఫిల్లా వేరును సర్పగంధ పేరుతో కలిపి అమ్మడం మూలికల వ్యాపారంలో తరచు జరిగేదే. అందులోనూ ఆల్కలాయిడ్లు ఉన్నాయి గాని వాటి పాళ్ళు వేరు.

పేరు తప్పితే ఏం జరుగుతుందో చూపే ఉదాహరణ మన దేశం వెలుపల ఒకటి నమోదైంది. నొప్పికీ నిద్రకూ చైనా సంప్రదాయ ఔషధంగా అమెరికాలో అమ్మిన జిన్ బు హువాన్ మాత్రల వలన 1993లో కొలరాడోలో పసిపిల్లలు స్పృహ మందగించి, శ్వాస తగ్గి ఆసుపత్రి పాలయ్యారు. లాస్ ఏంజెలిస్‌లో ఇదే మాత్రలు వాడిన పెద్దవారికి కాలేయ వ్యాధి కనిపించింది. సీసా మీద పాలిగలా అనే మొక్క పేరు ఉండగా, మాత్రలలో ఉన్నది స్టెఫానియా ప్రజాతిలో దొరికే టెట్రాహైడ్రోపామటీన్ అనే గాఢమైన ఆల్కలాయిడ్ అని పరీక్షలలో తేలింది. అక్కడ మూలిక అనే మాట ఉంది, మూలిక లేదు. దాని నుంచి వేరుచేసిన సారం ఉంది. పేరు చెప్పినంత మాత్రాన మొక్క తెలిసినట్లు కాదనీ, మొక్క తెలిసినంత మాత్రాన మోతాదు తెలిసినట్లు కాదనీ ఈ ఉదంతం రుజువు చేస్తుంది.

జానపద వాడుక నుంచి ప్రయోగశాలకు

సర్పగంధను నిద్రతో ముడిపెట్టినది ప్రధానంగా ఉత్తర భారత జానపద వైద్యం. బీహారు, దాని పరిసర ప్రాంతాలలో దీనిని పిచ్చిమందు అనే అర్థం గల హిందీ పేరుతో పిలిచేవారు. పసిపిల్లలను నిద్రపుచ్చడానికి అక్కడి పేద తల్లులు ఈ వేరును కొద్దిగా ఇచ్చేవారన్న విషయం ఇరవయ్యవ శతాబ్దపు తొలి పరిశోధకుల దృష్టికి వచ్చింది. ఈ వాడుక నుంచే ప్రయోగశాల అధ్యయనాలు ప్రారంభమయ్యాయి.

1931 ఈ చరిత్రలో కీలకమైన సంవత్సరం. ఆ ఏడాది ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ, ఆయన సహచరుడు ఈ వేరు నుంచి ఆల్కలాయిడ్లను వేరు చేసి, వాటిలో ఒకదానికి హకీం అజ్మల్ ఖాన్ స్మృతిగా అజ్మలీన్ అని పేరు పెట్టారు. అదే ఏడాది కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ మానసిక వ్యాధులలోనూ అధిక రక్తపోటులోనూ ఈ వేరు పొడి ప్రభావాన్ని ప్రకటించారు. 1933లో రామనాథ్ చోప్రా బృందం దీని ఔషధ చర్యలను పరిశీలించింది. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ అధిక రక్తపోటు గల 50 మంది రోగులపై తన పరిశీలనను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించాక పాశ్చాత్య వైద్య ప్రపంచం దీని వైపు తిరిగింది. 1952లో స్విట్జర్లాండులోని సిబా సంస్థ పరిశోధకులు ముల్లర్, ష్లిట్లర్, బైన్ రెసర్పిన్‌ను వేరుచేశారు. 1954లో న్యూయార్క్ రాష్ట్రంలో నేథన్ క్లైన్ మానసిక రోగులకు దీనిని వాడిన ఫలితాలను ప్రకటించాడు.

ఈ వరుసను స్వదేశీ విజయగాథగా చెప్పడం సులభం. చాలా పుస్తకాలు ఇక్కడే ఆగుతాయి. దాని తరువాతి భాగమే మన తూకానికి అవసరం. 1954 నాటికే రెసర్పిన్‌ను ఎక్కువ మోతాదులో దీర్ఘకాలం వాడిన రక్తపోటు రోగులలో తీవ్రమైన మానసిక కుంగుబాటు కనిపిస్తున్నట్లు నివేదికలు వెలువడ్డాయి. కొందరిలో వణుకు, శరీరం బిగుసుకుపోవడం వంటి పార్కిన్సన్ లక్షణాలు కూడా కనిపించాయి. నాడీకణాలు సందేశాలకు వాడే సెరటోనిన్, డోపమైన్, నారడ్రినలిన్ నిల్వలను ఈ పదార్థం ఖాళీ చేస్తుందని ఆ దశాబ్దంలోనే తెలిసింది. రెసర్పిన్ ఇచ్చిన జంతువులు కదలిక కోల్పోగా, ఎల్-డోపా ఇస్తే తిరిగి కదిలాయని అర్విడ్ కార్ల్‌సన్ చూపాడు. మెదడులో డోపమైన్ పాత్రను వెలికితీసిన కృషికి ఆయన 2000లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. తక్కువ మోతాదులలో కుంగుబాటుకూ రెసర్పిన్‌కూ గల సంబంధం తొలుత అనుకున్నంత బలమైనది కాదని తరువాతి సమీక్షలు అభిప్రాయపడ్డాయి. అయినా కుంగుబాటు ఉన్నవారికి, గతంలో ఉన్నవారికి ఈ మందు ఇవ్వరాదన్న హెచ్చరిక మాత్రం నిలిచింది.

దీర్ఘకాలిక నొప్పి, నిద్రలేమి, కుంగుబాటు తరచు ఒకే మనిషిలో కలిసి ఉంటాయి. నిద్ర పట్టడం లేదని చెప్పే రోగిలో కుంగుబాటే మూలకారణం కావచ్చు. అటువంటి వ్యక్తి తనంతట తాను సర్పగంధను ఎంచుకుంటే కొన్ని రాత్రులు నిద్ర రావచ్చు గాని, దాని వెనుక ఉన్న వ్యాధి ముదరవచ్చు. నిద్రలేమికి వ్యాధిని ఒక హేతువుగా చెప్పిన చరకుని మాటకు ఇంతకన్న స్పష్టమైన ఆధునిక నిదర్శనం అక్కరలేదు.

మానం: గురివింద, మాష, తులం

మానం తెలియకుండా ద్రవ్యాల ప్రయోగం సాధ్యం కాదని చెప్పి శార్ఙ్గధర సంహిత తన తొలి అధ్యాయంలోనే కొలతలను వివరిస్తుంది. మాగధ మానం, కళింగ మానం అని రెండు పద్ధతులను చెప్పి మాగధమే శ్రేష్ఠమన్న అభిప్రాయాన్ని పేర్కొంటుంది. మాగధ పద్ధతిలో ఆరు గురివింద గింజల ఎత్తు ఒక మాష, పదహారు మాషలు ఒక కర్షం. కనుక కర్షానికి 96 గింజలు. కళింగ పద్ధతిలో ఎనిమిది గింజలు ఒక మాష, పది మాషలు ఒక కర్షం. కనుక కర్షానికి 80 గింజలు. కొన్నిచోట్ల ఏడు గింజలకే మాష అన్న వికల్పం కూడా అక్కడే ఉంది. అంటే మాగధ మాష కన్న కళింగ మాష మూడింట ఒక వంతు ఎక్కువ, కర్షం విషయంలో మాగధమే ఎక్కువ. కళింగానికి పొరుగున, కొంతమేరకు కళింగంలోనే ఉన్న తెలుగు నేల మీద పుట్టిన గ్రంథాలను చదివేటప్పుడు గ్రంథకర్త ఏ మానాన్ని అనుసరించాడన్న ప్రశ్న గ్రంథగ్రంథానికీ విడివిడిగా వేసుకోక తప్పదు.

బ్రిటిష్ పాలనలో ఈ చిక్కు మరింత పెరిగింది. 1833లో తులాన్ని 180 గ్రెయిన్లుగా, అంటే సుమారు 11.66 గ్రాములుగా స్థిరపరచారు. రూపాయి బరువూ అంతే కావడంతో రూపాయి ఎత్తు అనే మాట వైద్య గ్రంథాలలోకి వచ్చింది. స్వాతంత్ర్యానంతరం భారత ప్రభుత్వపు ఆయుర్వేద యోగ సంగ్రహం గురివింద ఎత్తును 125 మిల్లీగ్రాములుగా, తులాన్ని 12 గ్రాములుగా లెక్కించింది. బంగారు దుకాణంలో నేటి తులం పది గ్రాములు. పాత ముద్రణలో తులమని చదివిన నేటి పాఠకుడు ఈ మూడింటిలో దేనినైనా తీసుకోవచ్చు. శొంఠి విషయంలో ఆ తేడా వలన నష్టం లేదు. నాభి విషయంలో ఉంది.

రాతప్రతులలో మరొక సమస్య భిన్నాంకాలు. తెలుగు సంప్రదాయ లెక్కలలో నాలుగో వంతులకూ పదహారో వంతులకూ గీతలే గుర్తులు. నిలువు గీత కాలు, అడ్డగీత వీసం. తాటాకు మీద గంటంతో గీసిన ఆ గీత వంగినా, పురుగు తిన్న రంధ్రం పక్కన పడినా, పరిష్కర్త నిలువుకు అడ్డం చదివినా మోతాదు నాలుగు రెట్లు మారుతుంది. కావ్య పరిష్కరణలో పాఠభేదం రసాన్ని మారుస్తుంది. ఇక్కడ పాఠభేదం మోతాదును మారుస్తుంది. పాఠాంతరాలను అధోజ్ఞాపికలలో ఇవ్వకుండా ఒక్క పాఠాన్నే ముద్రించడం కావ్య విషయంలో లోపమే గాని, వైద్య గ్రంథ విషయంలో ప్రమాదం.

సర్పగంధకు ఈ మానాన్ని అన్వయించి చూద్దాం. సేన్, బోస్ చెప్పిన మోతాదు 20 నుంచి 30 గ్రెయిన్ల వేరు పొడి, అంటే సుమారు 1.3 నుంచి 1.9 గ్రాములు. అమెరికా ఔషధ ప్రమాణం ప్రకారం ఈ వేరు పొడిలో రెసర్పిన్ వర్గపు ఆల్కలాయిడ్లు కనీసం 0.15 శాతం ఉండాలి. ఆ లెక్కన ఆ పొడిలో ఆ వర్గపు పదార్థం దాదాపు 2 నుంచి 3 మిల్లీగ్రాములు. రక్తపోటుకు రెసర్పిన్ మాత్ర సాధారణ దినమోతాదు 0.1 నుంచి 0.25 మిల్లీగ్రాములు. ఉన్మాద రోగికి వైద్యుని కంటి ముందు ఇచ్చిన మోతాదు రక్తపోటు మోతాదుకు పది రెట్లు ఉందన్నమాట. పైగా అడవి వేరులో ఆల్కలాయిడ్ల పాళ్ళు నేలను బట్టి, కాలాన్ని బట్టి, వేరు వయసును బట్టి మారుతాయి. అదే తూకానికి అదే బలం ఉంటుందన్న హామీ లేదు. చిటికెడు, వేలెడు వంటి కొలతలు ఇటువంటి వేరుకు సరిపోవు.

నొప్పి మందులు: శుద్ధి అనే మాట

నొప్పికి వాడిన మూలికలను రెండు తరగతులుగా చూడవచ్చు. శొంఠి, వావిలి ఆకు, ఆముదం వంటివి ఇంటి మందులు. నాభి, ముషిణి గింజలు, ఉమ్మెత్త, నల్లమందు, గంజాయి వంటివి వైద్యుని చేతి మందులు. నల్లమందునూ గంజాయినీ శార్ఙ్గధరుడు వ్యవాయి ద్రవ్యాలకు ఉదాహరణలుగా చెప్పాడు. జీర్ణం కాకముందే శరీరమంతా వ్యాపించే స్వభావం కలవని దాని అర్థం. రెండవ తరగతి ద్రవ్యాల వేగాన్ని ఆ సంప్రదాయం స్పష్టంగానే గుర్తించింది.

ఈ తరగతికి శుద్ధి తప్పనిసరి. నాభిని గోమూత్రంలోనో పాలలోనో నానబెట్టి ఉడికించడం, ముషిణి గింజలను పాలలో ఉడికించి నేతిలో వేయించడం గ్రంథాలలో కనిపించే పద్ధతులు. శుద్ధి అన్న మాటను నేటి పాఠకుడు మురికి వదిలించడమని, మంత్రపూతం చేయడమని అర్థం చేసుకునే అవకాశం ఉంది. నాభిలోని అకొనిటీన్ వంటి ఆల్కలాయిడ్లు ఉడికినప్పుడు విచ్ఛిన్నమై చాలా తక్కువ విషం గల రూపాలుగా మారతాయని ఆధునిక రసాయన పరిశీలన చెబుతుంది. కనుక శుద్ధి ఇక్కడ మందు తయారీలో ప్రాణాధారమైన దశ. శుద్ధి చేసిన నాభి అనే విశేషణాన్ని సంక్షిప్త పునర్ముద్రణలో వదిలివేసి నాభి అని మాత్రమే అచ్చువేస్తే, మిగిలేది గుండె లయను దెబ్బతీసే విషమే.

ఔషధ, సౌందర్య సామగ్రి నియమావళికి చెందిన ఇ(1) అనుబంధంలో ఆయుర్వేద విషద్రవ్యాల పట్టిక ఉంది. అహిఫేనం, భంగ, ధత్తూరం, వత్సనాభి, విషముష్టి అందులోనివి. ఇవి ఉన్న మందును వైద్య పర్యవేక్షణలో వాడాలని సీసా మీద ముద్రించాలి. ఆ పట్టికలోనే గుంజ, అంటే గురివింద గింజ కూడా ఉంది. గురివింద తన కింది నలుపు ఎరగదని సామెత. మందులను తూచిన గింజే విషద్రవ్యమన్న సంగతిని ఆ సామెత పట్టించుకోలేదు గాని, చట్టం పట్టించుకుంది.

మూలికతో సంబంధం లేని ప్రమాదం కూడా ఒకటి ఉంది. బోస్టన్ ప్రాంతపు దుకాణాలలో అమ్మిన 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించగా 14లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటి లోహాలు కనిపించాయని 2004లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. వెంటనే నొప్పి తగ్గించే పేరులేని పొడులలో స్టెరాయిడ్లు కలిపిన సందర్భాలు కూడా వైద్యులకు తెలిసినవే. రెండు రోజులలో కీళ్ళనొప్పి మాయం చేసిన పొడిని చూసి ఆశ్చర్యపడటం కన్న అనుమానించడం మేలు.

మనిషి, కాలం

మాత్రకు స్థిరత్వం లేదనీ, కాలం, జఠరాగ్ని, వయసు, బలం, ప్రకృతి, దోషం, దేశం చూసి దానిని నిర్ణయించాలనీ శార్ఙ్గధరుడు చెప్పాడు. చరకుడు విమానస్థానంలో రోగి పరీక్షకు ప్రకృతి, సారం, సాత్మ్యం, సత్త్వం, వయసు మొదలైన పది అంశాలను నిర్దేశించాడు. గ్రంథంలో ముద్రితమైన మోతాదు సగటు సూచన మాత్రమేననీ, దానిని ఎదుటి మనిషికి సరిచేసే వైద్యుడు ఉంటాడన్న ఊహ మీదే ఆ వాక్యం నిలిచిందనీ దీని తాత్పర్యం. ఆ వైద్యుడు తొలగి పుస్తకం ఒక్కటే మిగిలినప్పుడు వాక్యం సగం అర్థాన్ని కోల్పోతుంది.

ఈ పరీక్షలో నేడు చేర్చవలసిన అంశం ఆ వ్యక్తి అప్పటికే వాడుతున్న ఇతర మందులు. సర్పగంధ రక్తపోటు మాత్రలతో కలిస్తే రక్తపోటు మరీ పడిపోవచ్చు. కొన్ని రకాల కుంగుబాటు మందులతో, డిజాక్సిన్ వంటి గుండె మందులతో కలవకూడదు. మద్యంతోనూ నిద్రమాత్రలతోనూ మత్తు పెరుగుతుంది. జీర్ణాశయపు పుండు ఉన్నవారికీ గర్భిణులకూ తగదు. వైద్యునికి చెప్పని మూలిక వైద్యుని లెక్కను తప్పిస్తుంది. మూలిక మొదలుపెట్టామని పాత మందును హఠాత్తుగా మానడం అంతకన్న పెద్ద తప్పు.

కాలం సంగతి కూడా ప్రాచీనులు విస్మరించలేదు. పిప్పళ్ళు, క్షారం, ఉప్పు అనే మూడింటినీ అతిగా, ఎడతెగకుండా వాడరాదని చరకుడు విమానస్థానం తొలి అధ్యాయంలో చెప్పాడు. ఆ మూడూ విషాలు కావు, వంటింటి వస్తువులే. నిరపాయమైనదైనా నిరంతర వాడుకలో దోషం కూడగట్టుకోగలదన్న గ్రహింపు అందులో ఉంది. దీర్ఘకాలిక నొప్పి, నిద్రలేమి స్వభావతః ఎడతెగని వాడుకను కోరే బాధలు. ఒక రాత్రికి సరిపడిన మందును ఏడాదికి పొడిగించే ముందు మళ్ళీ తూచుకోవాలి. రెసర్పిన్ ప్రభావం మందు మానిన తరువాత కూడా రోజుల తరబడి నిలుస్తుందన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం.

రెండు తరాజులు

మూలికలను తూచడానికి ఏ తరాజు వాడాలన్న వివాదం మద్రాసు రాష్ట్రంలో వంద ఏళ్ళ కిందటే తలెత్తింది. 1918లో ప్రభుత్వం నియమించిన కోమన్ దేశీయ ఔషధాలను ఆసుపత్రిలో పరీక్షించి నివేదికలు సమర్పించాడు. అవి ఆయుర్వేద సిద్ధాంతాన్ని చులకన చేశాయని వైద్య సంఘాలు ఖండించాయి. 1921లో ఏర్పడిన ఉస్మాన్ సంఘం తెలుగుతో సహా అనేక భాషలలో వైద్యుల సాక్ష్యాలను సేకరించి 1923లో నివేదిక ఇచ్చింది. దాని ఫలితంగా 1925లో మద్రాసులో ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల ఏర్పడింది. ఒక పక్షం ద్రవ్యాన్ని వేరుచేసి తూచింది. మరొక పక్షం ద్రవ్యాన్ని శాస్త్ర సందర్భంలో ఉంచి చూడాలంది. సర్పగంధ చరిత్ర ఈ రెండింటిలో ఏ ఒక్కదానినీ పూర్తిగా సమర్థించదు. ప్రయోగశాల లేకుంటే ఆల్కలాయిడ్ పాళ్ళు తెలిసేవి కావు. జానపద వాడుక లేకుంటే ప్రయోగశాలకు ఆ వేరే చేరేది కాదు. రోగిని మొత్తంగా చూసే దృష్టి లోపించినందువల్లనే కుంగుబాటు ఆలస్యంగా కంటపడింది.

వేరుకు గిరాకీ పెరగడం అడవులను కూడా తాకింది. వేరు కోసం మొక్కను సమూలంగా పెకలించాలి. 1990లో సర్పగంధను అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందపు రెండవ అనుబంధంలో చేర్చారు. అసలు మొక్క అరుదైనకొద్దీ బజారులో నకిలీ వేరు పెరుగుతుంది. కనుక మొక్క సంరక్షణ కూడా రోగి భద్రతలో భాగమే.

ముగింపు

పై పరిశీలన నుంచి తెలుగు వైద్య గ్రంథాల పరిష్కర్తలకు నాలుగు నియమాలను ప్రతిపాదించవచ్చు. ఒకటి, ప్రతి మూలిక పేరు వద్ద వృక్షశాస్త్ర నామాన్ని, ప్రాంతీయ నామభేదాలను ఇవ్వాలి, గుర్తింపు సందేహాస్పదమైతే ఆ సందేహాన్ని దాచకుండా పేర్కొనాలి. రెండు, కొలతలను మూలంలో ఉన్నట్లే ముద్రించి, ఏ మానమో చెప్పి, గ్రాములలో సమానాన్ని పక్కన చూపాలి, భిన్నాంకాల పాఠాంతరాలను ఒక్కటీ వదలరాదు. మూడు, శుద్ధికి సంబంధించిన విశేషణాలను ఏ సంక్షిప్త ముద్రణలోనూ తొలగించరాదు, చట్టం విషద్రవ్యాలుగా పేర్కొన్నవాటికి పుటలోనే గుర్తు పెట్టాలి. నాలుగు, మోతాదు చెప్పిన ప్రతిచోటా అది వైద్యుని ఉద్దేశించి రాసినదన్న గమనిక ఉండాలి.

ఈ పని వైద్యులు ఒంటరిగా చేయలేరు. వారికి లిపి, భాష, పాఠ పరిష్కరణ పద్ధతి పరిచయం తక్కువ. సాహిత్య పరిశోధకులు కూడా ఒంటరిగా చేయలేరు. వారికి ద్రవ్యజ్ఞానం తక్కువ. చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోనూ తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థలోనూ ఉన్న తెలుగు లిపి వైద్య రాతప్రతుల పరిష్కరణకు ఆయుర్వేద కళాశాలలు, వృక్షశాస్త్ర విభాగాలు, తెలుగు విభాగాలు ఉమ్మడిగా పూనుకోవాలి. నొప్పితో నిద్రలేని పాఠకుడు ఆ పుస్తకాన్ని ఎలాగూ తెరుస్తాడు. తెరిచినప్పుడు అతనికి కనిపించే పేరు ఒక్క మొక్కనే సూచించేలా, కనిపించే కొలత ఒక్క తూకాన్నే చెప్పేలా చూడటం ఆ పుస్తకాన్ని అచ్చువేసేవారి కర్తవ్యం.